మా పెరటి తోట తూకం పుస్తకం

మా వంటగదిలో మేకుకు తగిలించిన ఒక పాత లెక్కల పుస్తకం ఉంది. పాలవాడి లెక్క, గ్యాసు బండ మార్చిన తేదీలు మొదటి నాలుగు పేజీలతో ఆగిపోతాయి. అయిదో పేజీ నుంచి, 2020 జూన్ మొదలుకొని ఇప్పటిదాకా, మా పెరట్లోనూ మిద్దె మీదా కోసిన ప్రతి కాయనూ ప్రతి ఆకుకూర కట్టనూ తూకం వేసి రాసిన పద్దులే ఉన్నాయి. లెక్కలు రాయడమే నా ఉద్యోగం, ఆ జబ్బు ఇంట్లో కూడా వదలలేదని మావారు నవ్వుతారు. అయితే ఆ పుస్తకమే లేకపోతే నేను ఈ తోటను మొదటి ఏడాదే వదిలేసి ఉండేదాన్ని, లేదా అంతకన్నా అన్యాయంగా, బాగానే పండుతోందని నన్ను నేను నమ్మించుకుంటూ ఇప్పటికీ దానికి డబ్బు పోస్తూనే ఉండేదాన్ని.

మేముండేది తిరుపతిలో, కరకంబాడి రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక వీధిలో. మిద్దె ఎక్కితే ఉత్తరాన శేషాచలం కొండలు ఎదురుగా కనిపిస్తాయి. చూడటానికి అందంగానే ఉంటాయి గాని, వేసవిలో పొద్దంతా కాగిన ఆ రాళ్ళ వేడి రాత్రి పదిగంటల దాకా మా వీధిని వదలదు. ఇంటి వెనుక ఒక సెంటు, అంటే దాదాపు 40 చదరపు మీటర్ల జాగా ఉంది. అందులో మునగచెట్టు, కరివేపాకు చెట్టు, బట్టలుతికే బండ పోగా మడులకు మిగిలింది మూడింట రెండు వంతులు. నేల ఎర్రమట్టి. గడ్డపార వేస్తే ప్రతి దెబ్బకూ ఒక గులకరాయో, ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీలు పూడ్చిపెట్టి పోయిన ఇటుక ముక్కో ఖంగుమనేది.

లాక్‌డౌన్ రోజుల్లో అందరిలాగే నేనూ వీడియోలు చూసి మొదలుపెట్టాను. మొక్కలు పెంచే ప్లాస్టిక్కు సంచులు, అదే గ్రో బ్యాగులు నలభై, కొబ్బరి పొట్టు ఇటుకలు, వర్మీ కంపోస్టు సంచులు, రంగురంగుల బొమ్మలున్న విత్తనాల పొట్లాలు కొన్నాను. ఆ పొట్లాల్లో క్యాప్సికం ఉంది, క్యారెట్టు ఉంది, బ్రకోలీ కూడా ఉంది. వాటిలో రెండింటికి గడువు తేదీ మీద ధర స్టిక్కరు అతికించి ఉందన్న సంగతి, నెల రోజులు ఎదురుచూసినా ఆ రెండూ మొలవక, విసుగుతో ఆ స్టిక్కరు పీకి చూసినప్పుడు గాని నాకు తెలియలేదు. మొలిచిన వాటిలో క్యారెట్లు చిటికెన వేలంత ఊరి ఆగిపోయాయి. క్యాప్సికం మొక్కకు రెండేసి కాయలు కాసి, ఎండకు ఒక పక్క తెల్లగా కమిలిపోయాయి. ఆ ఏడాది పుస్తకంలో దిగుబడి మొత్తం 11 కిలోలు, ఖర్చు 14,000 రూపాయల పైచిలుకు. అంటే కిలో కూరగాయలు పన్నెండు వందల పైన పడ్డాయి.

మా అత్తగారిది చంద్రగిరి దగ్గర పల్లె. సేద్యం చేసిన చేతులు. ఆమె నా తోటను ఆరు నెలలు ఏమీ అనకుండా చూసి, ఒక రోజు చెనక్కాయలు ఒలుస్తూ తాపీగా అన్నారు: "నీకు ఏది తినాలనిపిస్తే అది ఏస్తా ఉండావు గదమ్మా, ఇప్పుడు ఏది పండుతుందని భూమినొకసారి అడిగినావా?" నేను అప్పటికి ఎరువుల గురించి, మందుల గురించి, డ్రిప్పు పైపుల గురించి చాలా చదివాను గాని ఈ ప్రశ్న నాకు ఎక్కడా ఎదురుపడలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళలో మా తోట కాపులో వచ్చిన మార్పుకు సగానికి పైగా కారణం ఈ ఒక్క మాటేనని పుస్తకం తిరగేసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది. కాలానికి సరిపడని మొక్కను బతికించడానికే నీళ్ళూ, నీడ వలలూ, మందులూ, డబ్బూ ఎక్కువగా పోతాయి. కాలం చూసి వేసిన మొక్క వీటిలో చాలా వాటిని అడగదు.

టమాటాతోనే చెబుతాను. ఆసియాలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటని పేరున్న మదనపల్లె మాకు దగ్గరే. అక్కడ ఏడాది పొడుగునా టమాటా వస్తుంటే మా మిద్దె మీద ఎందుకు రాదని నేను చాలా కాలం బాధపడ్డాను. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తు వల్ల అక్కడ రాత్రులు చల్లబడతాయి, ఇక్కడ చల్లబడవు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కగా ఉంటే టమాటా పువ్వులో పుప్పొడి చెడిపోయి, పూత పూసినట్టే పూసి కాడతో సహా రాలిపోతుంది. దానికి ఏ ఎరువు వేసినా, ఏ టానిక్కు కొట్టినా లాభం లేదు. 2023 జూలైలో మార్కెట్లో టమాటా ధర కిలో వంద దాటినప్పుడు మా వీధిలో ఇంటింటా నారు పోశారు. ఆ మొక్కలు కాపుకొచ్చే సెప్టెంబరు నాటికి ధర పాతాళానికి పడిపోయి, రైతులు కోత కూలి కూడా రాదని తలలు పట్టుకున్నారు. ఇప్పుడు నేను సెప్టెంబరు నెలాఖరులో నారు పోసి, అక్టోబరు చివర నాటి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కోసుకుంటాను. ఆ మూడు నెలలూ ఆరు మొక్కలతో మా నలుగురికీ రసానికి, పచ్చడికి సరిపోతుంది. మిగిలిన తొమ్మిది నెలలు టమాటా కొనుక్కుంటాను, అందులో నాకు చిన్నతనమేమీ లేదు.

మా ప్రాంతపు ఏడాదిని నేను ఇప్పుడు మూడు ముక్కలుగా చూస్తాను. మృగశిర కార్తెతో, అంటే జూన్ రెండో వారంలో, మొదటి వానలు తగిలాక బెండ, గోరుచిక్కుడు, వంగ, బీర, కాకర, గోంగూర వేస్తాను. ఇవి ఎండా వానా కలిసిన ఉక్కను బాగా ఓర్చుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా మాకు గట్టి వాన ఇస్తాయి. ఆ వానకు ముందు నారు సిద్ధంగా ఉండి, వాన తెరిపిచ్చినప్పుడు నాటుకుంటే టమాటా, మిరప, ముల్లంగి, పాలకూర, మెంతికూర, కొత్తిమీర అన్నీ చలికాలంలో చేతికొస్తాయి. కొత్తిమీరను మే నెలలో పెంచడానికి నేను పెట్టిన పాట్లు రాస్తే ఇంకొక పుస్తకమవుతుంది. అదే నవంబరులో అయితే ధనియాలు రెండు బద్దలుగా నలిపి చల్లి ఊరుకుంటే చాలు. మూడో ముక్క మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు. ఆ రోజుల్లో తోటను పచ్చగా ఉంచాలన్న పట్టుదలను నేను వదిలేశాను. మునగ, కరివేపాకు, గోడ నీడన బచ్చలి, యాభై శాతం నీడనిచ్చే వల కింద రెండు మడుల తోటకూర, అంతే. తక్కిన మడుల్లో ఏప్రిల్ చివర జనుము, అలసంద కలిపి చల్లి, వారానికి రెండు తడులిచ్చి, పూతకొచ్చే ముందు కోసి అక్కడే మట్టిలో కలిపేస్తాను. జనుము, అలసంద పప్పుజాతి మొక్కలు కాబట్టి వాటి వేళ్ళ మీది బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పెడతాయి. పైగా ఎండకు నేల నగ్నంగా కాలిపోకుండా అవి కప్పి ఉంచుతాయి.

చిక్కుడు జాతి అనప గురించి రెండు మాటలు రాయకుండా చిత్తూరు వైపు మనిషి ఎవరూ తోట గురించి రాయలేరు. అనపకు పగటి పొద్దు తగ్గితే గాని పూత రాదు. మా అత్తగారిచ్చిన నాటు గింజను జూలైలో వేసినా, సెప్టెంబరులో వేసినా పూత మాత్రం చలి మొదలయ్యాకే వచ్చింది. తొందరగా వేస్తే తీగ పందిరంతా కమ్మి పక్క మొక్కల ఎండను తినేయడం తప్ప లాభం లేదని తెలిసి, ఇప్పుడు ఆగస్టు చివర వేస్తున్నాను. సంక్రాంతి ముందు ఆ కాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున తోలు పితికి చేసే పితికిపప్పు కూర, పక్కన రాగి సంగటి, ఇవి లేకుండా మా ఇంట్లో పండుగ లేదు. గింజ పితకడానికి మాత్రం ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. దాన్ని దిగుబడి లెక్కలో ఎలా రాయాలో నాకు ఇంకా తేలలేదు.

ఇక మట్టి సంగతి. మొదటి ఏడాది తొందరలో, సరిగా మాగని పశువుల ఎరువును ట్రాక్టరు మీద తెప్పించి మడుల్లో కలిపేశాను. రెండు నెలలకు పచ్చగా ఉన్న వంగ మొక్కలు ఒక్కొక్కటే ఉన్నట్టుండి వాడిపోయాయి. ఒకదాన్ని పట్టి లాగితే వేరే లేకుండా చేతికొచ్చింది. కింద మట్టిలో తెల్లగా, లావుగా, కొడవలిలా వంగి పడుకున్న వేరుపురుగులు. పచ్చి పేడ ఎరువులో పెంకుపురుగులు పెట్టిన గుడ్లే అలా పురుగులవుతాయట. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, వాన పడిన నేల వాసనతో ఉంటుంది. చేతికి పేడ వాసన తగిలితే అది ఇంకా మడికి సిద్ధం కాలేదు. ఆ దెబ్బతో బయట ఎరువు కొనడం తగ్గించి, ఇంట్లోనే తయారు చేసుకోవడం మొదలుపెట్టాను. కింద తూటు వేసిన రెండు పెద్ద మట్టి కాగులు పెట్టి, వంటింటి చెత్త ఒక పాలు పడితే దాని మీద ఎండుటాకులు రెండు మూడు పాళ్ళు కప్పుతూ వస్తాను. దుర్వాసన వస్తే ఎండుటాకు తక్కువైనట్టు, ఎన్నాళ్ళకూ చివకకపోతే తేమ తక్కువైనట్టు. గుప్పెడు తీసి పిండితే చేయి తడవాలి గాని నీళ్ళు కారకూడదు. ఒక కాగు నిండి మాగేలోపు రెండోది నిండుతుంది. మూడు నెలలకు ఒకసారి పది పన్నెండు కిలోల ఎరువు వస్తుంది, మా చెత్త బండిలో పడేది పొడి చెత్త మాత్రమే.

మడుల మీద ఏదో ఒకటి కప్పి ఉంచడం ఈ ఊరి ఎండకు తప్పనిసరి. వరిగడ్డి కొనాలి, కొబ్బరి పొట్టు దూరం నుంచి రావాలి. మాకు దగ్గరలో ఊరికే దొరికేది చెనక్కాయ పొట్టు. అత్తగారి ఊరి నుంచి సంచుల్లో వస్తుంది. వేసవిలో చెరకు రసం బండ్ల దగ్గర పిప్పి గుట్టలుగా పడి ఉంటుంది, అడిగితే సంతోషంగా ఇస్తారు. కాకపోతే తెచ్చిన పిప్పిని ఒకసారి నీళ్ళలో ముంచి తీసి, రెండు రోజులు ఎండబెట్టి వాడాలి. ఈ పని బద్ధకించి నేను నేరుగా పరిచిన ఏడాది, గండుచీమలు బెండ మడిని తమ పేర రాసుకున్నాయి. పూల దుకాణాల దగ్గర మిగిలిపోయిన దండలు కూడా తెచ్చేదాన్ని గాని, అరటి నారతో కట్టినవైతే సరి, నైలాను దారంతో కట్టినవైతే ఆ దారాలు ఏరేసరికి కళ్ళు పోతాయి.

నవంబరు 2021 వానలను తిరుపతిలో ఎవరూ మరిచిపోలేదు. వీధులు వాగులైన ఆ రోజుల్లో మా పెరట్లో నీళ్ళు మూడు రోజులు నిలిచాయి. అప్పటిదాకా నేను నీటిని పట్టి ఉంచాలన్న యావతో మడులను నేల మట్టానికి గుంటలుగా తవ్వి ఉంచాను. నీళ్ళు తీశాక మిరప మొక్కలు నిలబడిన చోటే తల వాల్చేశాయి. వేరుకు గాలి అందకపోతే చుట్టూ నీళ్ళున్నా మొక్క దాహంతో చచ్చినట్టే చస్తుంది. ఆ తర్వాత మడులన్నీ ఒక అడుగు ఎత్తు లేపి, మధ్యన కాలువలు తీసి, అవన్నీ మునగచెట్టు పాదులోకి కలిసేలా చేశాను. ఎండాకాలంలో మాత్రం ఆ ఎత్తు మడులు త్వరగా ఆరిపోతాయి, అందుకే పైన చెప్పిన కప్పు.

మిద్దె తోట పెట్టాలనుకునేవారికి ఒక హెచ్చరిక. నేను చదివిన వాటిలో చాలామంది ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేశారు. తడిసిన మట్టి ఘనపు మీటరుకు సుమారు 1,700 కిలోలు తూగుతుంది. అంటే అడుగు లోతు మట్టి నింపిన మడి ప్రతి చదరపు మీటరుకూ దాదాపు 500 కిలోల భారం వేస్తుంది. ఇళ్ళ మీద మనుషులు తిరిగే మిద్దె స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకే లెక్కగడతారు. కాబట్టి మిద్దె నిండా మడులు కట్టకూడదు. కుండీలను కింద గోడ గాని దూలం గాని ఉన్న వరుసలోనే పెట్టాలి. మిశ్రమంలో మట్టి మూడో వంతు మించకుండా, తక్కినది మాగిన ఎరువు, కడిగిన కొబ్బరి పొట్టు ఉంటే బరువు బాగా తగ్గుతుంది. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండుసార్లు నానబెట్టి ఆ నీళ్ళు పారబోయాలి. మొదలుపెట్టే ముందు ఇల్లు కట్టిన ఇంజనీరును ఒకసారి అడగడంలో నామోషీ ఏమీ లేదు.

ఆ నలభై గ్రో బ్యాగుల కథ కూడా చెప్పాలి. రెండో వేసవికి అవి ముట్టుకుంటే అప్పడాల్లా విరిగాయి. పచ్చటి ప్లాస్టిక్కు పొరలు పొరలుగా రాలి, నేను అంత ప్రేమగా చేసిన మట్టిలో కలిసిపోయాయి. ఇప్పటికీ మిద్దె మీద కుండీ తిరగేస్తే ఆ ముక్కలు కనిపిస్తాయి. పర్యావరణం కోసమని మొదలుపెట్టిన పని చెత్తను మిద్దె మీదికి మోసినట్టయింది. ఒకేసారి అన్నీ మార్చే డబ్బు లేక, చిరిగిన ప్రతి బ్యాగుకూ ఒక మట్టి కుండీ చొప్పున మూడేళ్ళలో మార్చాను. మట్టి కుండీ చెమరుస్తుంది కాబట్టి వేరు చల్లగా ఉంటుంది, కాని నీళ్ళు ఎక్కువ అడుగుతుంది. రెండూ ఒకేచోట దొరకవు.

నీళ్ళ విషయంలో మా బోరు నీరు కఠినం. కుండీల అంచున తెల్లగా సున్నం పూసినట్టు ఉప్పు పేరుకుంటుంది. అందుకని వాన నీటిని వీలైనంత పట్టుకుంటాను. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 900 లీటర్ల పైన నీరు దిగుతుంది, ఒక పెద్ద ట్యాంకు నిండుతుంది. వానలున్నన్నాళ్ళూ కుండీలకు అవే పోస్తే పేరుకున్న ఉప్పు కిందికి కడుక్కుపోతుంది. పెరటి మడుల్లో సున్నం గాని రంగు గాని పూయని కాల్చిన మట్టి కుండలు మెడ దాకా పాతి, నీళ్ళు పోసి మూత పెడతాను. కుండ గోడల్లోంచి నీరు నెమ్మదిగా ఊరుతుంది, మొక్క వేళ్ళు వెతుక్కుంటూ వచ్చి కుండను చుట్టుకుంటాయి. బీర పాదు మధ్యన పాతిన కుండకు వాన లేని రోజుల్లో మూడు రోజులకొకసారి నీళ్ళు పోస్తే చాలు. ఏ కుండైనా రెండేళ్ళకు రంధ్రాలు పూడి ఊరడం మానేస్తుంది, దాన్ని తీసి కొత్తిమీర వేసుకోవచ్చు.

ఆవు పేడ, మూత్రంతో ఇంట్లోనే చేసుకునే ద్రవ ఎరువు జీవామృతం గురించి అందరూ అడుగుతారు. ప్రకృతి సేద్య ప్రచారకుడు సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిని మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వ రైతు సాధికార సంస్థ పల్లెపల్లెకూ తీసుకెళ్ళింది. ఇరవై లీటర్ల నీటికి కిలో ఆవు పేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, రసాయనాలు తగలని చోటి గుప్పెడు మట్టి. నీడలో 48 గంటలు, రోజుకు రెండుసార్లు కలుపుతూ ఉంచితే చాలు. దీనికి పసుపుపచ్చగా మెరిసే బెల్లం వద్దు. చిత్తూరు మండీ నుంచి వచ్చే నల్ల బెల్లమే మంచిది, చవక కూడా. నేల మీద మడులకు ఇది పదిహేను రోజులకోసారి పోస్తే తేడా కంటికి తెలిసింది, వానపాములు వచ్చాయి. అయితే జీవామృతం ఉంటే వేరే ఎరువే అక్కర్లేదన్న మాటను కుండీల విషయంలో నేను ఒప్పుకోను. కుండీలో ఉన్నదే పిడికెడు మట్టి, రోజూ పోసే నీళ్ళతో అందులోని బలం కిందికి కారిపోతుంది. మాగిన ఎరువు రెండు గుప్పిళ్ళు, చెనక్కాయ చెక్క నానబెట్టిన నీళ్ళు, నెలకోసారి ఇవ్వకపోతే కుండీలో వంగ ముఖం మాడ్చుకుంటుంది.

పురుగుల దగ్గర నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. అలసంద తీగ కొసలకు రసం పీల్చే సన్నటి పురుగులు, పేనుబంక పట్టి, చీమలు బారులు తీరాయి. ఆ గుంపు మధ్యన నల్లటి ఒంటి మీద నారింజ రంగు మచ్చలతో, గోరంత మొసలి పిల్లల్లాంటి పురుగులు పాకుతుంటే, ఆకులు తినేవి ఇవేనని ఒక్కొక్కటే ఏరి చెప్పు కింద వేసి నలిపాను. నలభై దాకా చంపి ఉంటాను. వారానికి పేనుబంక తీగంతా నల్లగా కమ్మేసింది. మిగిలిపోయిన ఒక్క పురుగును తర్వాత తీరిగ్గా కూర్చుని చూశాను. అది ఒక పేనును ముందు కాళ్ళతో పట్టుకుని, తల వైపు నుంచి మొదలుపెట్టి, చిన్న పిల్లవాడు మురుకు తిన్నట్టు తిని, పక్కదాని మీదికి జరిగింది. కొన్నాళ్ళకు ఆకు వెనుక అతుక్కుని కదలకుండా గట్టిపడి, అందులోంచి ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలతో అక్షింతల పురుగు బయటికొచ్చింది. పెద్ద పురుగును చూస్తే మురిసిపోయే నేను దాని పిల్లలను నలిపేశానన్నమాట. అప్పటి నుంచి ఏ పురుగునైనా చంపే ముందు అది ఏం తింటోందో ఒక పది నిమిషాలు చూస్తాను. పేనుబంకకు నీళ్ళ పైపుతో గట్టిగా ఒక చిమ్ము చిమ్మితే సగం రాలిపోతుంది, మిగతా సగం అక్షింతల పురుగులకు వదిలేస్తాను.

అన్నీ అలా వదలలేం. వంగలో మొవ్వు తొలిచే పురుగు పడితే లేత కొస వాలిపోతుంది. ఆ కొసను రెండంగుళాలు కిందికి తుంచి నలిపేయాలి, ఒక్క రోజు ఆలస్యమైనా లోపలి పురుగు కాయలోకి దిగుతుంది. బెండ ఆకుల ఈనెలు పసుపు పచ్చగా వల అల్లినట్టు మారితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్సు, దానికి మందు లేదు. ఆ మొక్కను జాలిపడకుండా పీకేయడమే. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క అనామిక రకం దీన్ని తట్టుకోవడానికని తయారుచేసినదే. బీర, కాకర కాయలను కుట్టే పండు ఈగకు ఎర బుట్టలు కడతాను, కుట్టిన కాయను ఎరువు కాగులో ఎన్నడూ వేయను. తక్కిన వాటికి వేప గింజల కషాయం. జూన్‌లో మా వీధి చివర వేపచెట్టు కింద పండ్లు రాలినప్పుడు ఏరి, కడిగి, నీడన ఆరబెట్టి డబ్బాలో ఉంచుకుంటాను. యాభై గ్రాముల పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి లీటరు నీటిలో రాత్రంతా ఉంచి, పిండి, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొడతాను. ఎండ తగిలితే అందులోని గుణం త్వరగా పోతుంది, పొద్దున కొట్టడం దండగ.

సొరపాదు మీద మొదటి రెండేళ్ళు ప్రతి పిందే పసుపెక్కి కుళ్ళి రాలిపోతుంటే, బోరాన్ అనే పోషకం లోపమని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు చెప్పారు. దిష్టికి గుమ్మడికాయ కూడా కట్టాను. అసలు సంగతి ఏమిటంటే సొరపువ్వు పొద్దు గూకాక విచ్చుకుంటుంది. దాన్ని తాకి పుప్పొడి మోయవలసిన చిమ్మెటలు మా వీధి దీపాల చుట్టూ తిరుగుతున్నాయి గాని మిద్దె మీదికి రావడం లేదు. ఇప్పుడు సాయంత్రం ఆరున్నరకు పైకెక్కుతాను. పొడుగాటి సన్నని కాడ మీద నిలిచేది మగపువ్వు, వెనుక బొటనవేలంత నూగు పిందెతో పుట్టేది ఆడపువ్వు. మగపువ్వును తుంచి, ఆ తెల్లటి మెత్తని రేకులను వెనక్కి తీసేస్తే మధ్యన పసుపు పూసినట్టున్న గుబ్బ మిగులుతుంది. దాన్ని ఆడపువ్వు నడుమ మూడు సార్లు మెల్లగా అద్దితే సరి. నాలుగో రోజుకు పిందె తలదించి కిందికి వేలాడితే నిలిచినట్టే. బీరదీ సాయంత్రపు పూతే, గుమ్మడిది మాత్రం తెల్లవారుజామున. ఈ ఒక్క పని వల్ల మా సొర లెక్క ఏడాదికి రెండు కాయల నుంచి పదిహేడుకు వెళ్ళింది, రూపాయి ఖర్చు లేకుండా.

కొండ కింద ఊళ్ళో కోతుల గురించి రాయకపోతే ఎవరూ నమ్మరు. అవి టమాటాలు దోరగా ఉన్నప్పుడే ఒక్కో కొరుకు కొరికి పారేస్తాయి, తినవు. వల కడితే చింపుతాయి, టపాకాయ కాలిస్తే మర్నాడు బంధువులతో వస్తాయి. మా మిద్దె మీద అవి ముట్టనివి కాకర, మిరప, గోంగూర, పసుపు, చేమ. కాబట్టి బయటి వరుస అంతా అవే, కోతులు ఇష్టపడే టమాటా, వంగ ఇనుప జాలీ కట్టిన రెండు గజాల బోనులో. ఆడపూలు విచ్చుకునే సొర మొదలుకు నేను కాపలా, మావారు కోతికి కాపలా.

విత్తనం ఇప్పుడు పెద్దగా కొనడం లేదు. బెండ, బీర, అనప, గోంగూర, తోటకూర, వంగ, వీటి మొదటి కాపులో బాగా వచ్చిన ఒకటి రెండు కాయలను చెట్టునే ముదరనిచ్చి, గింజలు తీసి, వేప ఆకులు వేసిన సీసాల్లో పోసి, పైన ఏడాది, నెల రాసి పెడతాను. సంకర రకాల గింజలు దాచి లాభం లేదు, తర్వాతి తరం తల్లి గుణం నిలబెట్టదు. బీర గింజ తీసేటప్పుడు చేదు కాయ పడకుండా ముందే చిన్న ముక్క కొరికి చూడాలి. ఒకసారి చూడక, మరుసటి ఏడు పాదంతా చేదే కాచింది.

పుస్తకం ప్రకారం 2020లో 11 కిలోలు, 2022లో 74, కిందటి ఏడాది 131 కిలోలు. అందులో మునక్కాయలు, ఆకుకూరలు కలిపి సగం, తీగ కూరలు మూడో వంతు. కిందటి ఏడాది ఖర్చు 2,100 రూపాయలు. ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, క్యారెట్టు మా మడిలో ఎన్నడూ గిట్టుబాటు కాలేదు, వాటి జోలికి వెళ్ళడం మానేశాను. చదరపు అడుగుకు అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చింది గోంగూరా, తోటకూరా. బ్రకోలీ కోసం 2020లో కొన్న పొట్లం ఇప్పటికీ డ్రాయరులో ఉంది.

నిన్నటి పద్దు ఇలా ఉంది: బీరకాయలు 640 గ్రాములు, గోంగూర రెండు కట్టలు, పచ్చిమిర్చి 90 గ్రాములు. వంగకాయ ఒకటి, బోను తలుపు తీసి మరిచిపోయిన పది నిమిషాల్లో కోతి కొరికినది, తూకం వేయలేదు.